ఆటయు వాదమును: రాష్ట్రేతర తెలుగువారి సంఘజీవన చరిత్రలో ఒక ప్రకరణము

తెలుగునాటికి వెలుపల తరతరములుగ స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సామాన్యముగ మూడు విషయములను ప్రస్తావింతురు: వారిని ఆ నేలకు రప్పించిన ప్రభువులు, వారికి లభించిన మాన్యములు, వారు కట్టించిన దేవాలయములు. ఈ మూడింటికిని శాసనాధారములు కలవు గనుక చరిత్రకారుని దృష్టి వానిపై నిలుచుట సహజము. కాని ప్రభువులు పోయిరి. మాన్యములు చేతులు మారినవి. దేవాలయములు నిలిచినను అందలి పూజ సంస్కృతమున జరుగును. అయినను తెలుగు మాట మధురలోను, కోలారులోను, బరంపురములోను, షోలాపురములోను ఎట్లు నిలిచినది? ఇరుగుపొరుగువారు ఒకచోట చేరి ఆడుకొనిన ఆటలును, స్నేహితులు పట్టుదలతో సాగించిన వాదములును ఇందుకు కొంత కారణమని నా మనవి. ఇవి శాసనములకెక్కలేదు. అయినను వీనికి ఆధారములు లేకపోలేదు.

ముందుగ ఆటలను చూతము. హంపీ శిథిలములను దర్శించినవారు విరూపాక్షుని గోపురమును, విఠ్ఠలుని రథమును తలయెత్తి చూచి వత్తురు. తలవంచి రాతినేలను చూచినవారికి అచ్చటచ్చట చెక్కిన ఆటగళ్ళు కనబడును. వానిని ఎవరు చెక్కిరో చెప్పనక్కరలేదు. పని నడుమ తీరిక చిక్కినవారో, ఎవరికొరకో నిరీక్షించుచు కూర్చున్నవారో అయియుందురు. కన్నడము, తెలుగు, తమిళము మాట్లాడు సైనికులును, వర్తకులును, పనివారును కలిసి మెలగిన నగరమది. ఒకే రాతిపై ఇద్దరు కూర్చుండుటకు వారికి ఉమ్మడి భాష అవసరము కాలేదు. ఉమ్మడి నియమము చాలినది.

ఈ ఆటల పేర్లే ఇందుకు సాక్ష్యము. మన పులిజూదము తమిళమున ఆడుపులియాట్టము, కన్నడమున ఆడుహులి ఆట. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువది మూడు స్థానములు గల రూపము దక్షిణదేశమెల్ల ప్రసిద్ధము. పులి దూకి మేకను చంపును. మేకలు కలసికట్టుగ నడచి పులిని కదలనీయక కట్టివేయును. మన వామనగుంటలు తమిళుల పల్లాంకుళి, కన్నడిగుల అళిగుళిమణె. ఏడేసి గుంటలు రెండు వరుసలు, చింతగింజలో గవ్వలో చేతినిండ. మన అష్టాచెమ్మ మైసూరు సీమలో చౌకాబార. నాలుగు గవ్వలును వెల్లకిల పడిన నాలుగు, అన్నియు బోర్లపడిన ఎనిమిది. ఈ రెండు సంఖ్యలే ఇచ్చట అష్ట, చెమ్మ అనియు, అచ్చట బార, చౌక అనియు ఆటకు పేరైనవి. మన చెడుగుడు తమిళనాట సడుగుడు, మహారాష్ట్రమున హుతూతూ. చెడుగుడులో ఊపిరి బిగబట్టి పలుకు పలుకును మనవారు ‘కూత’ అందురు. కూత తెగినదా లేదా అను తగవు ఏ భాషవారికైనను ఒక్కటియే.

దీనినిబట్టి ఒక విషయము స్పష్టమగుచున్నది. ఒక ఊరికి క్రొత్తగ వచ్చిన తెలుగు కుటుంబమునకు పొరుగువారి పండుగలు క్రొత్త, వంట క్రొత్త, మాట క్రొత్త; ఆట మాత్రము పాతది. పేరు మారినను గళ్ళు మారలేదు. పొరుగింటి ముంగిట కూర్చుండుటకు వారికి దొరికిన మొదటి పీట ఆటయే.

గంజిఫా చరిత్ర ఇంకను విశేషమైనది. ఇది పారసీక సంబంధము గల పేక. మన దేశమున దీని తొలి ప్రస్తావన 1527వ సంవత్సరపు సందర్భమున బాబరు స్వీయచరిత్రలో కలదు. మొగలుల పేకలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. మనవారు దానిని దశావతార గంజిఫాగ మార్చుకొనిరి: పది అవతారములకు పది రంగులు, రంగునకు పన్నెండు ముక్కలు, వెరసి 120. ముక్కలు గుండ్రనివి. ఓఢ్రదేశమున గుడ్డను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఆరబెట్టి, బొమ్మలు దిద్ది, లక్కతో మెరుగుపెట్టుదురు. పగలు ఆడునపుడు రాముని రాజముక్క గలవాడును, రాత్రి ఆడునపుడు కృష్ణుని రాజముక్క గలవాడును ఆట మొదలిడుట పెక్కుచోట్ల ఆచారము. ఈ పేకలు తయారైన స్థలములను గమనింపుడు: ఓఢ్రదేశమున పర్లాకిమిడి, మహారాష్ట్రమున సావంతవాడి, కర్ణాటకమున మైసూరు, తెలంగాణమున నిర్మల. మైసూరు ప్రభువైన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) స్వయముగ క్రొత్త పేకాటలను కల్పించెను. నేడు మనము నాలుగు రాష్ట్రములని చెప్పుకొను నేలయందు ఆటగాండ్రు ఒకే పది అవతారములను చేతబట్టి కూర్చుండెడివారు.

అయితే ఆటలను గూర్చి అతిశయోక్తులు పలుకరాదు. జూదమువలన ఇండ్లు కూలినవి. పురుషుల రచ్చబండపై స్త్రీలకు చోటు లేకుండెను. వామనగుంటల పీట వారి ప్రత్యేక ప్రపంచము. అన్ని కులములవారు ఒకే పలకచుట్టు కూర్చుండలేదు. ఇన్ని లోపములున్నను ఆటలో ఒక గుణము కలదు: ఓడినవాడు మరునాడు మరల రావలెను. రాకున్న గెలిచినవానికిని ఆట లేదు. ప్రత్యర్థిని పోగొట్టుకొనరాదను ఈ ఎరుకయే సంఘజీవనమునకు మొదటి పాఠము.

ఆటకును వాదమునకును నడుమ ఉన్న వంతెన మన అవధానము. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు నిషేధాక్షరి నడుపుదురు, ఒకరు అప్రస్తుత ప్రసంగముతో ఆయన ఏకాగ్రతను చెదరగొట్టజూతురు. వెనుకటి అవధానములలో చదరంగమును ఒక అంశముగ నుండెడిది. పద్యము చెప్పుచునే బలములను నడుపవలెను. పృచ్ఛకుడు శత్రువు కాడు; అవధాని ఓడవలెనని యత్నించు స్నేహితుడు. తెలుగువారు ఇంతగ పెంచుకొనిన ఈ క్రీడ మన ఇంటనే నిలిచిపోలేదు. కన్నడమున అవధానకళను పునరుద్ధరించిన శతావధాని ఆర్. గణేశ్ 1962లో కోలారున జన్మించిరి. తెలుగు కన్నడములు రెండును వీధిలో వినవచ్చు ఆ సీమనుండి ఈ పునరుద్ధారకుడు వచ్చుట గమనింపదగినది.

ఇక వాదమును గూర్చి. గౌతముని న్యాయసూత్రములు మూడు విధములైన చర్చలను చెప్పినవి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపే లక్ష్యముగ చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక ఎదుటివానిని ఖండించుటయే పనిగ గలది వితండ. ఈ మూడింటిని వేరుపరుచుటకు మన ఆధునిక చరిత్రలో పర్లాకిమిడినుండి బయలుదేరిన భాషావివాదముకంటె మంచి ఉదాహరణము లేదు.

గిడుగు రామమూర్తి పంతులు (1863–1940), గురజాడ అప్పారావు (1862–1915) విజయనగరమున సహాధ్యాయులు, బాల్యస్నేహితులు. రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి చేరి ఉపాధ్యాయవృత్తిని అవలంబించిరి. తెలుగు, ఒడియా, సవర మూడును వినవచ్చు ఊరది. పాఠశాలలో వ్రాయు భాషయు వీధిలో పలుకు భాషయు వేరువేరుగ నుండుట ఉపాధ్యాయునికి కనబడినంతగ పండితునికి కనబడదు. ఉన్నత పాఠశాలలలో ఏ తెలుగున వ్యాసము వ్రాయవలెనను ప్రశ్న లేచినపుడు ఈ మిత్రులిద్దరును ఒక పక్షమున నిలిచిరి. వారితో కలిసినవారిని చూడుడు: పాఠశాలల పరీక్షాధికారి యేట్సు ఆంగ్లేయుడు, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు తమిళుడు. తెలుగు ఎట్లుండవలెనను వాదమున తెలుగువారు కానివారును జట్టుకట్టిరి. ఆటవలెనే వాదమును పుట్టుకను అడుగదు.

ఎదుటి పక్షమును తక్కువది కాదు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు 1911లో చెన్నపట్టణమున ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిరి. 1913లో రామయ్యగారు గ్రాంథికమును సమర్థించుచు ఒక గ్రంథమును, రామమూర్తిగారు వ్యావహారికమును సమర్థించుచు ఒక విజ్ఞాపనమును ప్రకటించిరి. 1914లో అప్పారావుగారు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. తెలుగును గూర్చిన ఈ మూడు రచనలును ఆంగ్లమున ఉండుట విచిత్రమే. తీర్పరి దొరతనము గదా! ఆనాడు తీర్పు వ్యావహారికమునకు అనుకూలముగ రాలేదు. రామమూర్తిగారు ఊరకుండలేదు. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను నడపి, పూర్వకవుల ప్రయోగములను, శాసనములను, ప్రతిపక్షుల రచనలనే ఆధారములుగ చూపి వాదించిరి.

1924లో ఆ పరిషత్తే వ్యావహారికముపై తన నిషేధమును ఎత్తివేసినది. అప్పటికి పరిషత్తు కాకినాడకు తరలినది. వివాదమున కటువైన మాటలు లేకపోలేదు. అది కొన్నిమారులు జల్పమునకు దిగజారినది. కాని పూర్వపక్షమును చక్కగ చదివి, ఆపై సిద్ధాంతమును చెప్పు పద్ధతిని వారు విడువలేదు. అందుచేతనే ఇరుపక్షముల కృషియు మనకు మిగిలినది. పరిషత్తు పూనికతో సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలసినది; రామమూర్తిగారి పట్టుదలచే వాడుకభాషకు గౌరవము దక్కినది. నేను ఈ వ్యాసమును వ్రాయుచున్న శైలి రామయ్యగారి పక్షమునకు దగ్గర. తరగతిలో పిల్లలతో పలుకునది రామమూర్తిగారి పక్షపు భాష. నావంటి ప్రతి తెలుగు ఉపాధ్యాయునియందును ఆ రెండు పక్షములు నేటికిని కాపురము చేయుచున్నవి.

అయితే వాదమునకు అందని సంఘటనలును కలవు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఓఢ్రరాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి పట్టణము అందు చేరినది. దానికి నిరసనగ రామమూర్తిగారు అర్ధశతాబ్దికి పైగ నివసించిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. వాదింపగల పెద్ద వెడలిపోయిన ఊరిలో మిగిలిన తెలుగువారికి ఎంత లోటు కలిగియుండునో ఊహింపవచ్చును. ఎల్లలు గీయువారు జనసంఖ్యను లెక్కింతురు. సాయంకాలమున కూడి మాట్లాడుకొను అరుగులను లెక్కింపరు.

పడమటి తీరమున బ్రదుకుతెరువు వెదకుకొని వెళ్ళినవారి చరిత్ర వేరు. ముంబయిలో కామాఠిపురమునకు ఆ పేరు నిజాము సీమనుండి వచ్చిన తెలుగు కూలీలవలన కలిగినది. షోలాపురము, భివండి మగ్గములపై తెలంగాణపు పద్మశాలీల శ్రమ కలదు. ముంబయి దాదరులో మనవారు నెలకొల్పుకొనిన సంస్థ పేరు ఆంధ్ర మహాసభ అండ్ జింఖానా. మహాసభ యనగ మాట, చర్చ. జింఖానా యనగ ఆటలచోటు. వ్యాసమంతయు నేను చెప్పదలచినది ఆ సంస్థ తన పేరున రెండు మాటలలో చెప్పినది. కొలువులకును కూలికిని చెదరిపోయిన ఊరిలో మనుష్యులను ఒకచోటికి చేర్చవలెనన్న, ఆడుకొనుటకొక చోటు, మాటాడుకొనుటకొక చోటు కావలెనని దాని స్థాపకులు గ్రహించిరి.

ఇది గతకాలపు ముచ్చట మాత్రము కాదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని చెప్పుచున్నది. 2006లో తమిళనాట వచ్చిన చట్టము తమిళమును ఒకటవ తరగతినుండి క్రమక్రమముగ విధిపాఠ్యము చేసినది. నివసించు నేలయొక్క భాషను నేర్చుట మన పిల్లలకు మేలే; అందు వివాదము లేదు. కాని నేను పనిచేయు హోసూరు ప్రాంతమున తెలుగు పాఠమునకు మిగులు గంటలు ఎన్నియని ప్రతి ఏడును లెక్కించుకొనవలసి వచ్చుచున్నది. గంటలకొరకు అర్జీలు వ్రాయవలసినదే, న్యాయస్థానములను ఆశ్రయింపవలసినదే. అయితే గంట కొట్టిన తరువాత ఏమి జరుగుచున్నదో కూడ చూడవలెను.

ఒత్తులు సరిగ వ్రాయలేని పిల్లవాడు ఆటస్థలమున పంటలు వేయుట ఎరుగును. దొంగ ఎవరో తేల్చును. ఎదుటివాడు నియమము తప్పినపుడు ‘తొండి’ యని కేక వేయును. ఆ కేకతో వాదము మొదలగును. ఎవరు గీత దాటిరి, ఎవరు చూచిరి, వెనుక ఇట్లే జరిగినపుడు ఏమి తీర్పు చెప్పితిమి అని సాక్ష్యమును, ప్రమాణమును, పూర్వోదాహరణమును అన్నియు తెలుగుననే వెలువడును. పాఠ్యపుస్తకము నేర్పని వాక్యనిర్మాణమును తొండి నేర్పును. ఆటయు వాదమును వేరుకావని నాకు తెలియజేసినది న్యాయశాస్త్రము కాదు, ఈ పిల్లలే.

కావున మన సంఘములు ఉగాదికి కవిసమ్మేళనమును, సంక్రాంతికి ముగ్గుల పోటీని జరుపుటతో తృప్తిపడరాదు. సంవత్సరమున రెండు దినములు మాత్రమే కూడువారు అతిథులగుదురు గాని మిత్రులు కారు. వారమునకొక సాయంకాలము సంఘమందిరపు తలుపు తీసి, ఒక మూల పులిజూదపు పలకను, వేరొక మూల చదరంగమును ఉంచవలెను. ఆడపిల్లలకును మగపిల్లలకును, ఇంటివారికిని పొరుగు భాషల స్నేహితులకును సమముగ చోటీయవలెను. ఆట ముగిసిన పిదప ఒక విషయముపై తెలుగున వాదము జరుపవలెను. ఎదుటివాడు చెప్పినదానిని అతడు ఒప్పుకొనునట్లు మరల చెప్పినవానికే బదులుచెప్పు హక్కు ఈయవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. నలుగురు పెద్దల ఓపికయు, ఓడినవానిని మరునాడు మరల పిలుచు మంచితనమును చాలును.