నొప్పుల సెలైన్, పసిబిడ్డ కామెర్లు

పాప పుట్టిన మూడో రోజున ఒళ్లు పచ్చబడింది. "ఏం తిన్నావమ్మా? పథ్యం సరిగ్గా చెయ్యలేదు" అన్నారు అత్తయ్య. నేనూ నన్నే అనుమానించుకున్నాను. నొప్పుల కోసం గంటల తరబడి సెలైన్‌లో మందు ఎక్కించిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎందుకు, ఎంత ఎక్కిస్తున్నారో అప్పుడూ ఎవరూ నాకు చెప్పలేదు. చదువుకున్నది సాహిత్యమే అయినా, ఆ మందు చరిత్ర వెతుక్కుంటూ వెళ్లాను.

ఆ మందు ఆక్సిటోసిన్. పిట్యూటరీ గ్రంథి సారం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని 1906లో హెన్రీ డేల్ గమనించాడు. 1953లో విన్సెంట్ డూ విన్యో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత కాన్పు ఆస్పత్రి గడియారానికి లొంగింది. 1974 నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో మూడో వంతుకు పైగా కాన్పులు వైద్యులు మొదలుపెట్టించినవే.

ఆ దశకంలోనే ఇలా పుట్టిన పిల్లల్లో కామెర్లు ఎక్కువగా ఉంటున్నాయని బ్రిటిష్ వైద్య పత్రికలు రాశాయి. తప్పు మందుది కాదు, నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేయించడానిదని కొందరు వాదించారు. 1979లో అచ్చయిన ఒక పరిశోధన మరో దారి చూపింది. ఆక్సిటోసిన్‌కి ఒంట్లో నీటిని నిలిపే గుణం ఉంది. ఉప్పులేని గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఎక్కువగా ఎక్కిస్తే తల్లి రక్తంలోనూ బిడ్డ రక్తంలోనూ సోడియం తగ్గుతుంది. బిడ్డ ఎర్ర రక్తకణాలు నీరుపట్టి ఉబ్బుతాయి, సాగే గుణం పోయి త్వరగా చితికిపోతాయి. వాటినుంచి వచ్చే బిలిరుబిన్‌ను పసి కాలేయం వెంటనే బయటికి పంపలేదు. అంటే మోతాదు ఎంత, ఏ ద్రవంలో కలిపారు అన్నవి చిన్న విషయాలు కావు.

ఈ చర్చలో తల్లుల గొంతు ఎక్కడ? 1975లో షీలా కిట్జింగర్ నొప్పులు తెప్పించుకున్న తల్లుల అనుభవాలను సేకరించి ప్రచురించింది. కామెర్లకు వెలుతురు వైద్యం కూడా ఒక స్త్రీ చూపులోంచి పుట్టిందే. 1956లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సు జీన్ వార్డ్, ఎండలో ఉంచిన బిడ్డల ఒంటి పచ్చదనం తగ్గడం గమనించింది. 1958లో వచ్చిన పరిశోధన పత్రం రచయితల్లో ఆమె పేరు లేదు.

మా పాప కామెర్లకు ఆ సెలైనే కారణమని నేననను. ఏ మందూ వాడని కాన్పుల్లోనూ కామెర్లు వస్తాయి. కాన్పయ్యాక రక్తస్రావాన్ని ఆపి ఎందరో తల్లుల ప్రాణాలు నిలుపుతున్నదీ ఈ మందే. నా పేచీ మందుతో కాదు, చెప్పకపోవడంతో. ఆస్పత్రి చెప్పని చోట నింద తల్లి కంచం మీదికి వస్తుంది.

ఇదంతా అత్తయ్యకు చెప్పాను. "నా రెండో కాన్పుకీ సెలైన్ పెట్టారు. వాడికీ పచ్చబడింది. మా అమ్మ నన్నే తిట్టింది" అన్నారామె.