అద్దె గడప

2022 ఫిబ్రవరి ఆఖరి శనివారం. దేశంలో ఎన్నో ఊళ్లలో పొద్దెక్కినా బిగ్ బజార్ షట్టర్లు పైకి లేవలేదు. సరుకుల చీటీ పట్టుకుని వచ్చినవాళ్లు కాసేపు నిలబడి వెనక్కి వెళ్లారు.

ఆ గుమ్మానికి ఒకప్పుడు జాతర కళ ఉండేది. 2001లో కిశోర్ బియానీ కలకత్తా, బెంగళూరు, హైదరాబాదుల్లో వరసగా తొలి దుకాణాలు తెరిచాడు. అద్దాల మెరుపు చూసి బయటే ఆగిపోయే మధ్యతరగతి మనిషిని లోపలికి రప్పించాలన్నది ఆయన పట్టుదల. అందుకే సరుకును రాశులుగా పోయించాడు, నడవాలను ఇరుకుగానే ఉంచాడు. సంతకు అలవాటుపడ్డ కాళ్లు అక్కడ తడబడలేదు. 2006లో గణతంత్ర దినాన చవక అమ్మకాలు పెడితే జనం విరగబడ్డారు.

రాశులు ఆయనవే. వాటి కింది నేల అద్దెది. విస్తరణకు తెచ్చిన అప్పులు అప్పటికే మెడకు చుట్టుకున్నాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. కొనేవాళ్లు రావడం మానేశారు గానీ, అద్దె తేదీ రావడం మానలేదు. ఆ ఆగస్టులో వ్యాపారాన్ని 24,713 కోట్లకు రిలయన్స్‌కు అమ్మడానికి ఒప్పుకున్నాడు. బియానీ గ్రూపులోని ఒక సంస్థలో వాటా ఉన్న అమెజాన్ అడ్డుపడింది. సింగపూర్ మధ్యవర్తిత్వం నుంచి సుప్రీంకోర్టు దాకా వాదనలు సాగాయి.

వాయిదాలు పడుతున్నకొద్దీ అద్దె బకాయిలు పెరిగాయి. అప్పుడు రిలయన్స్ భవనాల యజమానులతో తానే లీజులు రాయించుకుని, అవే చోట్లను బిగ్ బజార్‌ను నడిపే బియానీ సంస్థ ఫ్యూచర్ రిటైల్‌కు తిరిగి అద్దెకిచ్చింది. గండం గడిచినట్టే కనిపించింది. కానీ తాళంచెవి చేతులు మారింది అప్పుడే. కొనవలసినవాడే అద్దె అడగవలసినవాడయ్యాడు. ఆ అద్దె కూడా అందలేదు. ఫ్యూచర్ రిటైల్ దుకాణాల్లో 835 చోట్ల లీజులు రద్దయ్యాయి.

దుకాణాలు పోయాక అమ్మకానికి మిగిలిందేముంది? 2022 ఏప్రిల్‌లో అప్పులిచ్చినవాళ్లు ఒప్పందాన్ని తిరస్కరించారు. జూలైలో సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2024 జూలైలో లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది.

ఆ చోట్లలో చాలావాటి మీద ఇప్పుడు రిలయన్స్ వారి స్మార్ట్ బజార్ బోర్డు. లోపల మళ్లీ ట్రాలీలు తిరుగుతున్నాయి, బిల్లుల దగ్గర మళ్లీ వరసలు. రెండు దశాబ్దాలు జనాన్ని ఆ గడప దాటించినవాడికి మాత్రం, దాని మీద హక్కు అద్దె కట్టగలిగినన్నాళ్లే.