సంచిక

పాత మాసపత్రిక ఏది తిరగేసినా విషయసూచిక పక్కన చిన్న అక్షరాల్లో సంపుటి ఇంత, సంచిక ఇంత అని ఉంటుంది. ఈ రెండు మాటల పని ఒకటి కాదు. సంచికలో ఉన్నది 'చి' ధాతువు: పోగుచేయడం, పేర్చడం. సంచయం, సంచితం దాని తోబుట్టువులు. సంపుటమంటే మూత పెట్టిన భరిణె. సంచిక పేరుస్తూ పోతుంది, సంపుటి మూసేస్తుంది.

అమెరికా సూపర్‌హీరో కామిక్స్ ఇక నెలనెలా వస్తాయా, రావా అన్న చర్చ విన్నప్పుడల్లా నాకు సంచిక అన్న మాటే గుర్తొస్తుంది. అక్కడ సంచికను ఇష్యూ అంటారు. లాటిన్‌లో దాని మూలానికి 'బయటికి వెళ్లు' అని అర్థం. ప్రచురణకర్తకు అది అంగడికి వెళ్లిన సరుకు. పాఠకుడికి మాత్రం అది అచ్చంగా సంచికే. 1961లో మార్వెల్ సంస్థకు స్టాన్ లీ, జాక్ కర్బీ 'ఫెంటాస్టిక్ ఫోర్' మొదలుపెట్టాక ఆ సంస్థ వీరులంతా ఒకే లోకంలో కాపురం చేశారు. ఒకరి కథలో తగిలిన దెబ్బ ఇంకొకరి కథలో సలుపుతుంది. ఆ రుచి పోగువల్లే వచ్చింది.

పోగు పెరిగేకొద్దీ కొత్తవాళ్లు జంకుతారు. అందుకే 2011లో డీసీ సంస్థ 52 పత్రికలను ఒకటో అంకెతో మొదలుపెట్టింది. 1938లో సూపర్‌మ్యాన్‌తో పుట్టిన 'యాక్షన్ కామిక్స్' 904 దగ్గర ఆగి మళ్లీ 1 అయింది. అలా 52 సంచికలు నడిచాక, 2016లో అట్ట మీద కనిపించిన అంకె 957. కూడి చూడండి: 904, 52, ఆపైన ఒకటి. తుడిచేశామన్న లెక్క ఎక్కడికీ పోలేదు. జన్మ మారినా వెంట వచ్చే కర్మను మన వేదాంతులు సంచితమన్నారు. ఇక్కడ జరిగిందీ అదే. 2018లో ఆ పత్రికకు వెయ్యో సంచిక వచ్చింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది సంపుటి. ఐదారు నెలల కథను పుస్తకంగా కుట్టడానికి అనువుగా రాస్తున్నారు. పాఠకుడు పుస్తకం వచ్చేదాకా ఆగుతాడు. కామిక్స్ దుకాణాలవాళ్లు చాలావరకు సరుకు ముందే చెప్పి తెప్పించుకోవాలి, మిగిలితే నష్టం వాళ్లదే. సంచికలు కదలకపోతే పత్రికే ఆగిపోతుంది.

ఈ చిక్కుకు విరుగుడు మన చందమామలో ఉంది. శవం భుజానికెత్తుకున్న విక్రమార్కుడి నడక తెగేది కాదు, బేతాళుడు చెప్పే కథ మాత్రం ఆ నెలలోనే ముగిసేది. కొత్త పిల్లాడికి ఆ నెల కథ చాలు, పాతవాడికి మొత్తం నడక కావాలి. ఇరవై పేజీల కామిక్ సంచిక కూడా అలా ఏదో ఒకటి పూర్తిగా చేతికివ్వాలి. అది చేయకుండా మళ్లీమళ్లీ ఒకటో అంకె వేసినంతమాత్రాన నెలవారీ పత్రిక నిలవదు.

నచ్చిన కథ నెలనెలా వస్తుంటే సంపుటి కోసం ఆగకండి, ఈ నెల సంచిక ఈ నెలే కొనండి.