తిరుగు కవరు

కథతోపాటు సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా పంపమని పత్రికలు అడిగే రోజులవి. మన తిరస్కారం మన చేతిరాతతోనే మన గుమ్మంలోకి వచ్చి పడేది. నల్లగొండలో మా ఇంటికి అవి రెండు భాషల్లో వచ్చేవి. ఉర్దూ పత్రిక 'నాకాబిలె ఇషాఅత్' అనేది, అంటే అచ్చుకు తగదని. తెలుగు పత్రిక చింతిస్తున్నామనేది. ఒక సంపాదకుడు మాత్రం శ్రమ తీసుకుని కారణం రాశాడు: ఉర్దూ మాటలు ఎక్కువైనాయి, ఇది తెలుగు కథలా లేదు. నేను వాడినవి అమ్మీ, దువా, దస్తర్‌ఖాన్. ఆయన ఉత్తరంలో కాగితం ఉంది, జవాబు ఉంది, ఖరారు ఉంది. అవి ఏ ఇంటి నుంచి వచ్చాయో ఆయనకు గుర్తులేదు.

ఈ మాట తెలంగాణకు కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు ఒక పండితుడు రాసేశాడు. దానికి సురవరం ప్రతాపరెడ్డి వాదనతో సరిపెట్టలేదు. ఆయనది పాత మహబూబ్‌నగర్ జిల్లా ఇటిక్యాలపాడు. ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లా. వకీలు చదువు చదివినవాడు, ఉర్దూ ఫారసీలు వచ్చినవాడు. 1926 నుంచి నడుస్తున్న గోలకొండ పత్రిక చేతిలో ఉంది. దాని ద్వారా కవులను పిలిచాడు, పద్యాలు తెప్పించాడు, 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశాడు. అందులోని పద్యాలన్నీ గొప్పవని నేననను. చాలావాటిని ఈనాడు ఎవరూ వెతుక్కుని చదవరు. కానీ అక్కడ అడిగిన ప్రశ్న ఉన్నారా లేరా అని. దానికి పేర్ల పట్టికే జవాబు.

నల్లగొండలోనే 1922లో నీలగిరి పత్రిక పుట్టింది. నడిపినాయన షబ్నవీసు వెంకట రామనరసింహారావు. ఆ ఇంటిపేరులోని 'నవీసు' ఫారసీ మాట, రాసేవాడని అర్థం. అది తెలుగుపేరు కాదని ఎవరైనా అన్నారా? అదే ఫారసీ నా పేరులో, మా అమ్మ నోట్లో ఉంటే పరాయిదైపోయింది. బరువు మాటది కాదు, దాన్ని పలికే మనిషిది.

కవుల సంచికతో ప్రాంతానికి జవాబు దొరికింది. తెలుగులో ముస్లిం తన ఇంటి సంగతి తన మాటల్లో చెప్పుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో మా జిల్లావాడే స్కైబాబా సంపాదకుడిగా 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథల సంకలనం. సురవరం చేసిందే మళ్లీ: మీ పేజీలో చోటు లేదా, సరే, పుస్తకమే వేసుకుంటాం.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు తిరిగొచ్చినవన్నీ వివక్షతో వచ్చినవి కావు. మొదటి కథల్లో సగం నినాదాలే. ఉర్దూవాళ్లు తిప్పిపంపిన రెండు గజళ్లలో వజన్ తప్పింది నిజం. అబ్బా చూసి నవ్వాడు కూడా. లైన్ అకౌంటు డబ్బులతో నెల గడుపుకునేవాడికి ఏ తిరస్కారమైనా ఒకేలా మండుతుంది. అందుకే కవరు రాగానే ఒక వారం పెట్టెలో పడేసేవాణ్ణి. కోపం దిగినాక తీసి, వాక్యం బాగాలేక పంపారా, మనిషి పొసగక పంపారా అని చూసుకునేవాణ్ణి. మొదటిదైతే మళ్లీ రాసేది. రెండోదైతే అక్షరం మార్చకుండా ఇంకో పత్రికకు పంపేది.

ఆ దస్తర్‌ఖాన్ కథ అట్లాగే మూడో పత్రికలో అచ్చయింది. మాటలన్నీ ఉంచారు. దువా దగ్గర చుక్క గుర్తు పెట్టి, పేజీ అడుగున 'ప్రార్థన' అని అర్థం ఇచ్చారు. అమ్మీకి చదివి వినిపించాను.

"పక్కింట్ల ఉండేటోళ్లకు అది గూడ చెప్పాల్నా బేటా?" అంది.