చంద్రకాంత: ఒక మాయ, దాని పాఠకులు

హిందీ నవలా చరిత్రలో దేవకీనందన్ ఖత్రీ (1861–1913) స్థానం ఏమిటన్న ప్రశ్న తేలికగా తెగేది కాదు. 1888లో మొదలైన 'చంద్రకాంత'ను, ఆ తర్వాత 24 భాగాలుగా వచ్చిన 'చంద్రకాంత సంతతి'ని జనం ఎగబడి చదివారు. వీటికోసమే నాగరి లిపి నేర్చుకున్న ఉర్దూ పాఠకులు ఎందరో. ఆచార్య రామచంద్ర శుక్ల 1929 నాటి తన సాహిత్య చరిత్రలో ఈ సంగతి ఒప్పుకుంటూనే, ఇవి సాహిత్యకోటిలోకి రావని తీర్పు చెప్పాడు.

ఆ తీర్పులో సగం న్యాయముంది. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత, మధ్యలో అడ్డుపడే క్రూరసింహుడు. పేరులోనే గుణం తెలిసిపోయే పాత్రకు ఇక పరిణామమేముంటుంది? 1857 తిరుగుబాటు జరిగి ముప్ఫయ్యేళ్లే అయింది. అయినా 'చంద్రకాంత'లో తెల్లదొర పాలన ఊసు లేదు, శిస్తు కట్టలేని రైతు లేడు. రాజు మంచివాడైతే చాలునన్న భూస్వామ్య విశ్వాసమే కథకు పునాది.

అంతకంటే బాధించేది మరొకటుంది. మారువేషాల ఐయారు, మాయాకట్టడమైన తిలిస్మ్, రెండూ పారశీక, ఉర్దూ దాస్తాన్ల సొత్తు. 1883 నుంచి లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' సంపుటాలు అచ్చేస్తూనే ఉంది. ఆ సంపద అందుకున్న నవలలో క్రూరసింహుడి ఐయారులు నాజిం, అహ్మద్‌లు. హిందీ–ఉర్దూ తగాదా ముదురుతున్న రోజుల్లో ఇది అమాయకమైన ఎంపిక అనలేం.

మిగతా సగం మాటేమిటి? బనారస్ రాజ్యంలోని చకియా, నౌగఢ్ అడవుల్లో గుత్తేదారుగా తిరిగిన ఖత్రీ శిథిల కోటలను కళ్లారా చూశాడు. దాస్తాన్లలో మంత్రంతో జరిగేదాన్ని ఆయన యంత్రాలతో, రసాయనాలతో జరిపించాడు. ఆయన ఐయారు దేవతల వరంతో గెలవడు. తెలివి, వేషం, మత్తుమందు అతని ఆయుధాలు. వింత వెనక కారణం ఉండి తీరాలన్న ఈ పట్టుదల ఆధునికమైనది. భాష కూడా పండితుల సంస్కృత హిందీ కాదు, ఉర్దూ మాటలు కలిసిపోయిన వాడుక భాష. కథ విడదీసినవాళ్లను భాష కలిపింది. ఖత్రీలోని అసలు వైరుధ్యం ఇదే.

తర్వాతి తరంలో ప్రేమ్‌చంద్ రైతును నవలలోకి తెచ్చేనాటికి నవల చదివే అలవాటు జనంలో ఉంది. ఆ అలవాటు చేసినవాళ్లలో ఖత్రీ ముఖ్యుడు. జనం మెచ్చారు గనక గొప్పదనడం ఎంత పొరపాటో, జనం మెచ్చారు గనక చౌకబారుదనడమూ అంతే పొరపాటు. వాళ్లు అందులో ఏం వెతుక్కున్నారో, వాళ్లకు ఏం దొరకలేదో తేల్చడం అభ్యుదయ విమర్శ చెయ్యవలసిన పని.