సెప్టెంబరు 17: ఒక తేదీ, ఎన్నో పేర్లు

పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికొకసారి తప్పకుండా వేడెక్కే రోజు సెప్టెంబరు 17. పొద్దున్నే ఒకరు ‘విమోచన దిన శుభాకాంక్షలు’ పెడతారు. ‘విమోచనం కాదు, విలీనం’ అని ఇంకొకరు సరిదిద్దుతారు. మధ్యాహ్నానికి ‘విద్రోహం’ అన్న మాటా వచ్చేస్తుంది. మనం చదువుకున్నప్పుడు ఇది సాంఘికశాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్న. ఇప్పుడు పాత స్నేహితులే నాలుగు రోజులు మాట్లాడుకోకుండా ఉండే ప్రశ్న అయింది. పేరు సంగతి పక్కనపెట్టి, ఆ రోజున ఏం జరిగింది, ఏం జరగలేదు అని విడివిడిగా చూస్తే ఈ తగవు కొంత అర్థమవుతుంది.

1948 సెప్టెంబరు 13, సోమవారం భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి, బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళాలను నడిపించారు. సైన్యం పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ పోలో’. ప్రభుత్వం మాత్రం ‘పోలీసు చర్య’ అంది. ఇది రెండు దేశాల యుద్ధం కాదు, ఇంటి వ్యవహారం అని చెప్పడానికే ఆ మాట. నిజాం ప్రభుత్వమేమో అప్పటికే ఐక్యరాజ్యసమితి గడప తొక్కింది. 16న పారిస్‌లో భద్రతా మండలి ముందుకు హైదరాబాద్ ఫిర్యాదు వచ్చింది. మర్నాడే, అంటే సరిగ్గా 17న, పాలస్తీనాలో సంధి కుదర్చడానికి సమితి పంపిన కౌంట్ ఫోక్ బెర్నడాట్‌ను జెరూసలేంలో కాల్చి చంపారు.

ఆ శుక్రవారం ఇక్కడ ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. జైల్లో ఉన్న స్వామి రామానంద తీర్థ విడుదలయ్యారు. సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. ఆ తేదీన జరిగింది ఇదే. సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్ చౌదరి ఎదుట లాంఛనంగా లొంగిపోయింది మర్నాడు, 18న. నిజాం అధికారపీఠం దిగలేదు. 1950 జనవరి 26 నుంచి 1956 దాకా ఆయనే రాజప్రముఖ్. మధ్యలో ఏడాదికి పైగా నడిచింది చౌదరి సైనిక పాలన. ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వం 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయినప్పుడు గాని రాలేదు.

ఆ శుక్రవారానికి ముందున్న రోజులను తలచుకునేవారికి ఇది విమోచనమే. ఆగస్టులోనే భైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరిని రక్తపు మడుగు చేశారు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కాచిగూడలో హత్య చేశారు. ఆయన ముస్లిం, ఆయన పత్రిక ఉర్దూ పత్రిక, ఆయన రాసింది యూనియన్‌లో చేరమని. ఈ ఒక్క పేరు చాలు, 1948ని హిందూ ముస్లిం తగాదాగా కుదించి చెప్పేవాళ్లకు అడ్డం పడటానికి.

తరువాతి రోజులను తలచుకునేవారి మాట వేరు. ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింలపై ప్రతీకార హత్యలు జరిగాయి. విచారణకు వచ్చిన పండిట్ సుందర్‌లాల్ బృందం తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటకు రాలేదు. తెలంగాణలో సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా ఆగలేదు. దున్నుతున్న భూమి చేజారిపోతుందని భయపడ్డ రైతుకు ‘విమోచన’ అన్న మాట ఎలా వినిపించి ఉంటుంది?

ఇక మన ఉప్పల్, నాచారం. అప్పట్లో ఇవి నగరం కాదు, చెరువుల కింద సాగు చేసుకునే పల్లెలు. నగరం చుట్టూ ఉన్న గ్రామాల్లో చాలా భాగం నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫెఖాస్ కింద ఉండేవి. మిగతావి కొన్ని జాగీర్లు, కొన్ని ఖాల్సా, అంటే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేవి. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు తీసి చూడండి. ‘ఉప్పల్ ఖాల్సా’, ‘ఉప్పల్ బగాయత్’ అన్న పేర్లు ఇంకా కనిపిస్తాయి. ఖాల్సా ఆ పాత రెవెన్యూ మాటే, బగాయత్ అంటే తోట భూములు. ఇప్పుడు బగాయత్ అంటే మనకు గుర్తొచ్చేది హెచ్ఎండీఏ ప్లాట్ల వేలం!

భూమి విషయంలో మార్పు సెప్టెంబరు 17న రాలేదు. సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసింది 1949లో. జాగీర్లు రద్దయింది ఆ ఏడాది ఆగస్టు 15న. కౌలుదారుకు రక్షణ ఇచ్చిన చట్టం 1950లో వచ్చింది. నా లెక్కలో సంస్థానపు పల్లెలకు ఈ తేదీలు కూడా అంతే పెద్దవి, కానీ వాటికి జెండాలు ఎగరవు.

పేర్ల తగవు మన వాట్సాప్‌దే కాదు. మహారాష్ట్ర చాలా కాలంగా ఇదే రోజున మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం జరుపుతోంది. కర్ణాటక 2019లో పాత పేరు తీసి ‘కల్యాణ కర్ణాటక’ ఉత్సవం చేసింది. 2022లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఒకే ఉదయం రెండు జెండాలు ఎగిరాయి. పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినం, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం. 2024లో రాష్ట్రం దాన్ని ప్రజాపాలన దినోత్సవం చేసింది. ఆ ఏడాది వినాయక నిమజ్జనం కూడా అదే రోజు పడటంతో, ఊరి జనం చాలామందికి ఈ మూడింట్లో ఏదీ గుర్తులేదు.

ఈ తేదీకి మరో పేరు కూడా ఉంది, అది ఎవరితోనూ తగవు పడదు: విశ్వకర్మ జయంతి. వినాయక చవితి తిథిని బట్టి జరుగుతుంది. ఇది సూర్యుడు కన్యారాశిలోకి వచ్చే రోజు కాబట్టి దాదాపు ప్రతి ఏటా సెప్టెంబరు 17కే వస్తుంది. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల వంటి చోట్ల, లేత్ మిషన్లు తుడిచి బొట్లు పెట్టే రోజు. మన బ్యాచుల్లో ఎందరి నాన్నలో ఆ షెడ్లలో షిఫ్టులు చేసి మనకు ఫీజులు కట్టారు.

పెద్దవాళ్లకు మాత్రం ఈ పేర్లేవీ లేవు. వాళ్లు అనేది ‘పోలీసు యాక్షన్’, లేదా ‘రజాకార్ల గడబిడ’. అప్పటి సర్కారు కాగితాల్లో అది 1948 కూడా కాదు, ఫస్లీ 1357. పుట్టిన తేదీ తెలియని పిల్లల వయసు ‘పోలీసు యాక్షన్ నాటికి పాలు తాగేవాడు’ వంటి లెక్కతోనే తేల్చేవారు. ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. మీ ఇంట్లో గానీ, మీ బజారులో గానీ అలాంటివారు ఉంటే, ఆ శుక్రవారం సాయంత్రం ఈ ఊళ్లలో ఏం విన్నారో, ఏం చూశారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి మన సంఘానికి అందజేయండి.