తెల్లారకముందే అంటించిన భోగి

ఆ దుంగ కాస్త ఇటు జరపరా చిన్నోడా. ఆఁ, అలా. పొగంతా నా మొహానే కొడుతోంది. మీ నాయనమ్మ బతికుంటే, పొగ వేషాలేసేవాళ్ళ వెంటే పడుతుందనేది.

ఇందాక అరుగు మీద మీ గుసగుసలు నా చెవిన పడ్డాయిలే. ఎదురింటి మాస్టారి కర్ర గేటు ఊడబీకి రేపు భోగి మంటలో వేస్తార్ట, ఆయన లేచి లబోదిబోమంటుంటే సెల్లులో తీస్తార్ట. దానికి ప్రాంకు అని పేరు. మా రోజుల్లో ఆకతాయి పని అనేవాళ్ళు. గేటు ఎత్తుకురావడం మీరు కొత్తగా కనిపెట్టిందేం కాదు. సంక్రాంతి నెల పట్టిందంటే మాకు రాత్రిళ్ళు నిద్రుండేది కాదు. తాటి మట్టలు, కొబ్బరి డొక్కలు, విరిగిన నాగళ్ళు, కుక్కి మంచాల కోళ్ళు, పాడుబడ్డ దడులు, ఏది దొరికితే అది. దాన్ని దొంగతనం అనేవాళ్ళం కాదు, ఎత్తుకురావడం అనేవాళ్ళం. కుప్పలో పడ్డ వస్తువుని సొంతదారు వెనక్కి అడక్కూడదు, అదీ కట్టడి. మా మేనమామ పెరట్లో నులక మంచం మీద నిద్రపోతుంటే నలుగురం మంచంతో సహా మోసుకొచ్చి కుప్ప పక్కన దింపాం. ఆయన లేచి, కళ్ళు నులుముకుని, లుంగీ సర్దుకుని, "సరేలేండ్రా, నులక లూజైంది ఎలాగూ" అని నడిచి ఇంటికి పోయాడు. అలాంటి మనుషులు ఉండబట్టే మాకు అంత ధైర్యం.

నేను చెప్పబోయేది 1977 భోగి సంగతి. ఎమర్జన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు. ఖాకీ చొక్కా కనబడితే ఊరు ఊరంతా నోరు మూసుకునే రోజులు. మాది రామాలయం వీధి, అవతలది చెరువుగట్టు వీధి. ఎవరి మంట పెద్దదన్నది రెండు వీధులకీ పరువు. ఆ ఏడు వాళ్ళ కుప్ప తాటిచెట్టులో సగం ఎత్తు లేచింది. మాకు కడుపుమంట. అప్పుడు మా నలుగురిలో పొడుగోడికి ఒక ఆలోచన తట్టింది. వాళ్ళ కుప్పని వాళ్ళకంటే ముందే, రాత్రి రెండింటికే మనం అంటించేస్తే? తెల్లవారుజామున వాళ్ళు పిడకల దండలు పట్టుకుని వచ్చేసరికి బూడిద మిగులుతుంది. ఎంత నవ్వామో! నేను, మా మేనత్త కొడుకు, గుమాస్తా గారబ్బాయి, పొడుగోడు. మొదటి ముగ్గురికీ పద్దెనిమిదేళ్ళు. పొడుగోడు మాకంటే పెద్ద, పందొమ్మిదిన్నర.

కిరసనాయిలు మా ఇంట్లోంచే తీశాను. ఆస్పత్రి మందు సీసాలో పోసి, గుడ్డ పీలిక కుక్కి బిరడా చేశాను. ఈ గుడ్డ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కుప్ప వెనకాల ఒక కౌలు రైతు పాక, దాని పక్కన గడ్డిమేటు. మేం చూడలేదా అంటే, చూశాం. ఇరవై అడుగుల దూరం ఉంది కదా అనుకున్నాం. గాలి ఎటు వీస్తోందో మాత్రం ఎవరం చూడలేదు. తాటి మట్ట అంటుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు. చిటపటలాడుతూ ఎర్రటి పీలికలు పైకి లేస్తాయి, గాలిపటాల్లా తేలుతూ పోతాయి. ఒక పీలిక వెళ్ళి గడ్డిమేటు నెత్తిన కూచుంది. కాసేపు ఏం కాలేదు. బీడీ వెలిగినట్టు చిన్న ఎర్ర చుక్క, అంతే. అది నేను చూశాను. పరిగెత్తి వెళ్ళి దులిపేస్తే పోయేది. పొడుగోడు "పదండ్రా" అన్నాడు, నలుగురం పారిపోయాం. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేశాక వినపడింది గేదెల అరుపు.

ఆ కౌలు రైతు కొడవలితో పలుపులు కోసి రెండు గేదెల్నీ బయటికి తోలాడు. మూలన కట్టేసిన పెయ్యదూడ దాకా వెళ్ళలేకపోయాడు. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. కోతలైన కొత్త గడ్డి, ఏడాది మేత, తెల్లారేసరికి నల్లటి దిబ్బ. ఆ భోగి నాడు రెండు వీధుల్లోనూ పిల్లలకి భోగిపళ్ళు పోసినవాళ్ళు లేరు.

అప్పట్లో ఊరికి మునసబు ఉండేవాడు. మునసబు, కరణం ఉద్యోగాలు రామారావు ప్రభుత్వం 1984లో తీసేసింది, మీకు తెలియవులే. మా మునసబు మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. అయినా నిప్పు పడి నష్టం జరిగితే పోలీసులకి రాయడం ఆయన విధి, రాశాడు. "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాశాడు. సీసా ఒకటి దొరికింది గానీ అలాంటి సీసాలు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

దొరికింది సీసా ఒక్కటేనా? దాని బిరడా గుడ్డ పక్కనే పడుంది. బూడిద చూడ్డానికి అందరితోపాటు మా అమ్మ కూడా వెళ్ళింది. మిరపపండు రంగు నేత అంచు, దాని మీద తెల్ల గుడి బొమ్మలు. ఆమె పెళ్ళినాటి చీర, చిరిగిపోతే దీపాలు తుడవడానికి పెట్టుకుంది. అక్కడ ఆమె ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి, పొయ్యి మీద పాలు దింపి, నా జబ్బ పట్టుకుని వీధి మధ్యనుంచి నడిపించుకుపోయింది. కొట్టలేదు, తిట్టలేదు. ఆ కౌలు రైతు ముందు నిలబెట్టి, "వీడే" అంది.

ఆయన కాలిన చేతికి అరటాకు చుట్టుకుని కూచున్నాడు. వరసకి నాకు బాబాయి. నన్ను చూసి, తల తిప్పుకుని, "పోనీలే వదినా, కుర్రోళ్ళు. కావాలని చేస్తారా" అన్నాడు. ఆ మాటతో అయిపోయిందనుకున్నాను నేను. మా నాన్నా అలాగే అనుకున్నాడు. ఇద్దరూ కలిసి స్టేషన్‌కి వెళ్ళి, రాజీ పడ్డాం, కేసు వద్దు అన్నారు. ఎస్సై గారు పుస్తకం మూసి చెప్పాడట: "ఇది రాజీ పడే సెక్షను కాదండీ. నష్టపోయినాయన క్షమించినా సర్కారు క్షమించదు."

సెక్షను 435. నిప్పుతో ఆస్తికి నష్టం చెయ్యడం. ఏడేళ్ళ దాకా శిక్ష. మా ప్లీడరు గారు చదివి వినిపించాడు. మామూలు ఆస్తి అయితే నష్టం వంద రూపాయలు ఉండాలి. పంట సరుకైతే పది రూపాయలు చాలు. ఎప్పుడో 1882లో ఆ పది రూపాయల మాట చేర్చిన దొరలకి కూడా రైతు కుప్పకి నిప్పంటుకోవడం అంటే ఏమిటో తెలుసన్నమాట. పెయ్య చచ్చిపోయినందుకు 429. అందులో ఏనుగు, ఒంటె, గుర్రం, గేదె, ఆవు, ఎద్దు అని వరసగా జాబితా ఉంటుంది. మా మేనత్త కొడుక్కి ఒంటె దగ్గర నవ్వొచ్చింది. ప్లీడరు గారు కళ్ళజోడు దించి చూశాడు వాడివంక. "అల్లరి చేశామంటున్నారు కదా, ఇంగ్లీషులో దీని పేరు కూడా మిస్చీఫే" అన్నాడు. కావాలని తగలబెట్టలేదు మహాప్రభో అంటే, అక్కర్లేదట. తగలబడుతుందని తెలిసుండీ నిప్పు పెడితే చాలునట. ఆ ఎర్ర చుక్క నాకు గుర్తొచ్చింది. ప్లీడరుకి కూడా చెప్పలేదు దాని సంగతి. ఇవాళ మీకే చెబుతున్నాను.

బెయిలు దొరికింది. తర్వాత వాయిదాలు. తెల్లవారుజామున బస్సెక్కి తాలూకా కోర్టుకి పోవడం, వేపచెట్టు కింద కూచోవడం, బంట్రోతు పేరు పిలిస్తే చేతులు కట్టుకుని నిలబడడం, ఇంకో తేదీ వేయించుకుని రావడం. నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చి వేలమంది పోయారు. ఆ నెలలో కోర్టుకెళితే అక్కడ అందరి నోటా అదే. మా కేసు ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాం. కాగితానికి గుర్తుంటుంది. ఆ ఖర్చులకి మా నాన్న కాలవ కింద ముప్పై సెంట్లు అమ్మాడు. ఎక్కడో చెప్పను, రోజూ ఆ గట్టు మీదనుంచే మీరు బడికెళ్ళేది.

ప్లీడరు గారు దారి ఒకటి చూపించాడు. 1958లో ప్రొబేషన్ చట్టం వచ్చింది. ఇరవై ఒకటి నిండనివాడైతే, జైలు తప్పదని జడ్జికి గట్టిగా అనిపిస్తే తప్ప జైలుకి పంపకూడదు. పంపితే కారణం రాయాలి. నేరం ఒప్పుకోండి, పూచీకత్తు మీద బయట ఉంటారు అన్నాడు. మేం ముగ్గురం సరే అన్నాం. పొడుగోడు ఒప్పుకోలేదు. హైదరాబాదులో వాళ్ళ పిన్నిగారింటికి పారిపోయాడు. వారంటు పుట్టింది. ఆర్నెల్లు పోయాక పట్టుకొచ్చారు. వాడి కోసం మా కేసూ ఆగింది.

1978 జులైలో తీర్పు. ప్రొబేషన్ అధికారి ఊరికొచ్చి మా ఇళ్ళు, మా నడవడిక విచారించి రిపోర్టు ఇచ్చాడు. మా ముగ్గురికీ రెండేళ్ళ బాండు, తలా మూడొందలు నష్టపరిహారం. పొడుగోడికి ఆ జూన్‌లో ఇరవై ఒకటి నిండాయి. ఎస్సెస్సెల్సీ పుస్తకంలో తేదీ ఉంది. నేరం చేసిన రోజు వయసు కాదు, శిక్ష వేసే రోజు వయసు చూడాలని సుప్రీంకోర్టు అంతకుముందే చెప్పిందిట. పారిపోయిన ఆ ఆర్నెల్లే వాణ్ణి గీత దాటించాయి. ఇరవై ఒకటి దాటినా జడ్జి తలుచుకుంటే బాండు మీద వదలొచ్చు, కానీ వారంటు మీద పట్టుకొచ్చినవాణ్ణి ఎవరు నమ్ముతారు? రెండు నెలలు సబ్‌జైలు. ఆలోచన వాడిది, సీసా నాది, గుడ్డ మా అమ్మది. జైలుకి మాత్రం వాడొక్కడే వెళ్ళాడు. తర్వాత లారీ మీద పోయాడు, ఊరికి సరిగ్గా రాలేదు. ఇప్పుడు లేడు.

ఆ పాక మళ్ళీ వేసింది మేమే. తాటాకు కొట్టడం, ఎండబెట్టడం, కప్పు నేయడం అన్నీ నేర్చుకున్నాం. ఊళ్ళో ఇంటికి రెండు మోపుల చొప్పున గడ్డి అడుక్కొచ్చి మేటు వేశాం. బాబాయి మా చేత పాలు కూడా పితికించాడు. కుడి చెయ్యి పిడికిలి బిగిసేది కాదు మరి.

ఉద్యోగం వేళ ఒక ఫారం వచ్చింది. "మీ మీద ఎప్పుడైనా కేసు నడిచిందా" అని ఒక గడి. ప్రొబేషన్ మీద వదిలిన శిక్ష అనర్హత కాదని ఆ చట్టంలోనే ఉంది, దాచకు అన్నాడు ప్లీడరు. రాశాను. ఎనిమిది నెలలు ఫైలు కదల్లేదు, ఆ తర్వాత ఆర్డరు వచ్చింది. మా మేనత్త కొడుకు తన ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశాడు. రెండేళ్ళు పనిచేశాక బయటపడింది. కేసుకి కాదు, దాచినందుకు ఉద్యోగం పీకారు. ఇప్పుడు కాస్త నయమట. చిన్ననాటి తప్పు దాచిన ఢిల్లీ కుర్రాడి పక్షాన 2011లో సుప్రీంకోర్టు నిలబడిందని మన అమ్మాయి చెప్పింది. లా చదువుతోంది కదా, అన్నీ అదే చెబుతుంది. 2024 జులై ఒకటి నుంచి కొత్త చట్టం వచ్చిందిట, ఆ పది రూపాయలు, వంద రూపాయల లెక్క పోయింది, ఏడేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. అయిదు వేల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగిస్తే, జైలుకి బదులు సమాజ సేవ చేయిస్తారట. మాస్టారి గేటు అయిదు వేలు చేస్తుందా? పాత టేకు. చేస్తుంది.

మొన్న 2023 సంక్రాంతికి సికింద్రాబాద్ వందే భారత్ రైలు మొదలవకముందే, విశాఖ కంచరపాలెంలో కుర్రాళ్ళు దాని అద్దాల మీద రాళ్ళేశారు. ముగ్గుర్ని పట్టుకున్నారు. పేపర్లో చదివి ఆ పూట నేను అన్నం తినలేదు.

సరే, చాలా పొద్దుపోయింది. మాస్టారిని పొద్దున్నే నేనే అడుగుతాను, పెరట్లో పాత కర్ర ఏదన్నా ఉందేమోనని. మీరు కూడా రండి, మోసుకొద్దురు గాని. చిన్నోడా, ఆ బిందె నిండా ఉందా? ఇటు నా పక్కన పెట్టు. ఈదరగాలి మేటు వైపు తిరిగింది.